జడ్జిగారికి గుర్తున్న నంబరు

టొలివర్ కౌంటీలో పుట్టిన పిల్లల నోట అమ్మ పేరు ముందొస్తుందో, వర్లీన్ టెడ్డర్ ఫోన్ నంబరు ముందొస్తుందో చెప్పడం కష్టం. కోతలనుకుంటే మీ ఇష్టం. ఒక ఏడాది బళ్లో చిన్నక్లాసు టీచరమ్మ, తప్పిపోతే పనికొస్తుంది, ఎవరింటి నంబరు వాళ్లు చెప్పండర్రా అని అడిగితే, క్లాసు క్లాసంతా చేతులు కట్టుకుని ఒకే నంబరు పాడింది. అది జామీను కొట్టు నంబరు. టీచరమ్మ మండిపడుతూ ఆ నంబరుకే ఫోన్ చేసి వర్లీన్‌ని నిలదీసింది. వర్లీన్ అంతా ఓపిగ్గా విని, "ఇప్పుడే నేర్చుకోనీవమ్మా, పెద్దయ్యాక వెతుక్కునే బాధ తప్పుతుంది" అంది.

తప్పంతా ఆ పాటది. అలబామాలో ఆ మూల ఉన్నది ఒక్కటే రేడియో. అందులో పందుల ధరలకీ చావు కబుర్లకీ మధ్య కాస్త ఖాళీ ఉంటే వర్లీన్ మొగుడు హార్మన్ దాన్ని కొనేశాడు. పాడేవాళ్లని పెట్టుకునే తాహతు లేక పెళ్లాన్నే మైకు ముందు నిలబెట్టాడు. ఆ రోజు ఆమెకు జలుబు. కప్ప గొంతుతోనే పాడింది, ఆయన పక్కన బాంజో వాయించాడు.

"ఐదు ఐదు ఐదు, సున్నా ఒకటి, ఏడు, ఏడు,
లోపలున్నావా నాయనా, వర్లీన్‌తో మాటాడు!"

హార్మన్ పోయాడు, జలుబు పోయింది, పాట మాత్రం పోలేదు.

జైల్లో పడ్డవాడికి పూచీ ఉండి బయటికి తేవడం, వాయిదా రోజున వాణ్ణి కోర్టులో నిలబెట్టడం వర్లీన్ వ్యాపారం. వాడు రాకపోతే ఆ పూచీ ఆమె మెడకే చుట్టుకుంటుంది. అందుకని ఆమె జామీను మీద బయట తిరిగే ప్రతివాడూ సోమవారం పొద్దున పదింటికి ఫోన్ చేసి తన పేరు, ఉంటున్న చోటు, వచ్చే వాయిదా చెప్పుకోవాలి. ఫోన్ చేసేవాడు పారిపోడు, పారిపోయేవాడు ఫోన్ చేయడు. వర్లీన్‌కి తెలిసిన వేదమంతా అదే.

చేసేవాళ్లలోనూ రకాలుంటారు. ఒకడు ఒంట్లో బాగాలేదని, మంచం మీంచి లేవలేకపోతున్నానని మూలిగాడు. వాడి వెనకాల ఎవరో మైకులో తంబోలా అంకెలు చదువుతున్నారు. వర్లీన్ పాపం, పాపం అంటూ వింటోంది. ఇంతలో వాడికి కావలసిన అంకె వచ్చింది కాబోలు, జ్వరం మాటా మంచం మాటా మరిచి "నాదే, నాదే" అని అరిచాడు. గెలిచిన కేకు సగం తెచ్చి బల్ల మీద పెడితే ఆ వారానికి ఊరుకుంటానంది. తెచ్చాడు.

అయినా ఫోన్లలో సగం జామీను కోసం రావు. ఈ రోజుల్లో ఎవరి నంబరూ ఎవరికీ నోటికి రాదు, అన్నీ సెల్‌ఫోన్లో ఉంటాయి. జైలు గుమ్మంలో ఆ సెల్‌ఫోన్ లాక్కుని సంచిలో వేస్తారు. లోపల గోడకి తగిలించిన ఫోన్ ముందు నిలబడ్డవాడికి పెళ్లాం నంబరు రాదు, తల్లి నంబరు రాదు, వచ్చేదల్లా పాట. ఒకడు జామీను ఊసే ఎత్తకుండా, పొయ్యి మీద చిక్కుడుగింజలు పెట్టి వచ్చానని, ఎవరైనా వెళ్లి కట్టేయాలని ఏడ్చాడు. వర్లీన్ తమ్ముడు డూయీ వెళ్లి పొయ్యి కట్టేసి, రుచి చూసి, ఉప్పు సరిపోయిందని జైలుకు కబురు పంపాడు. డూయీ భారీ మనిషి. వాయిదా ఎగ్గొట్టినవాళ్లని వెతికి తేవడం అతని పని. వెళ్లిన ప్రతి ఇంట్లోనూ ఏదో ఒకటి తినకుండా రాలేడు.

ఇంకొకడు పెద్దమనిషి తరహాలో, ఊరికే మాటవరసకే అడుగుతున్నానంటూ మొదలుపెట్టాడు. ఒక మనిషి తన బావమరిది గడ్డికోసే బండిని చెరువులోకి తోలాడనుకుందాం, అప్పుడు జామీను ఎంతవుతుంది అని. వర్లీన్ ఇలాంటి మాటవరసలు వేలు విన్నది. బండి ఇప్పుడెక్కడుందని అడిగింది. ముందు చక్రాలే మునిగాయన్నాడు.

మరో శుక్రవారం ఒకావిడ, ఇంటికి రంగు వేయించుకుంటున్నాను, మా ఆయన్ని సోమవారం దాకా వదిలించకమ్మా అని బతిమాలింది. ఆ ఫోన్ పెట్టిన కాసేపటికే జైల్లోంచి ఆయన చేశాడు. ఇంట్లో రంగుల పని ఉంది, సోమవారం దాకా నన్ను వదిలించకమ్మా అన్నాడు. ఇంత అన్యోన్యమైన జంటని వర్లీన్ తన సర్వీసులో చూడలేదు.

ఇన్ని చెప్పి జడ్జి థర్మన్ రఫిన్ గారి సంగతి చెప్పకపోతే ఈ కథ నడవదు. ఆయనకీ వర్లీన్‌కీ ఉప్పూనిప్పూ. కట్టిన బో టై, సన్నచారల కోటు, నవ్వు తెలియని మొహం. జామీను వ్యాపారమంటే ఆయనకు అసహ్యం, జనం కష్టాల మీద బతికే బతుకనేవాడు. వర్లీన్ వెళ్లి నిలబడితే చాలు, "ఈ మనిషి పారిపోడని నమ్మకమేమిటి, మిసెస్ టెడ్డర్?" అని మొదలుపెట్టేవాడు. సగంమందికి జామీను ఇచ్చేవాడే కాదు.

ఒకనాడు కోర్టు నిండుగా ఉండగా ఆయన వర్లీన్‌ని ముందుకు పిలిచాడు. నిన్న చర్చిలో ప్రార్థన మధ్యలో తన బుర్రలోకి దేవుడి మాట రావడం మానేసి మీ పాట వచ్చిందని, పొద్దుటి దాకా పోలేదని, దానికి చట్టంలో సెక్షనుంటే ఈపాటికి మిమ్మల్ని లోపల వేసేవాణ్ణని చెప్పాడు. జనం ఒకటే నవ్వు. అంతటితో పోనిస్తే పోయేది. "ఆ పాట గుర్తుండేవాడి బుర్రలో ఇంకేదీ ఉండదు, అంత ఖాళీ బుర్ర అయ్యుండాలి" అని కూడా అన్నాడు. వర్లీన్ చెవులు ఎర్రబడ్డాయి. అది హార్మన్ బతికుండగా వాళ్లిద్దరూ కలిసి చేసిన ఒకే ఒక్క పాట. ఆ మాటకు తగిన జవాబు ఆ రోజు దొరకలేదు. ఇంటికెళ్లాక దొరికింది. దొరికిన జవాబును నూరి పదునుపెట్టి దాచుకుంది, ఎప్పుడో ఒకప్పుడు వాడకపోతానా అని.

తరవాత జడ్జిగారు రిటైరయ్యాడు. కోర్టు కూడా హైవే పక్క కొత్త భవనంలోకి మారింది. పాత కోర్టు ఊరి నడిమధ్య కూడలిలో మూతపడి, రంగుల పనివాళ్ల నిచ్చెనలతో నిలబడి ఉంది. వర్లీన్ కొట్టు మాత్రం దానికెదురుగా ఉన్నచోటనే ఉంది. పాత కోర్టు మీది గడియారమూ మారలేదు. ఎప్పుడో పిడుగు పడ్డప్పటి నుంచీ దానికో జబ్బు. గంటలన్నీ సరిగ్గానే కొట్టి ఊరుకుంటుంది. కాసేపాగి, ఏదో మరిచిపోయి గుర్తొచ్చినట్టు ఇంకో గంట కొడుతుంది. ఊళ్లో లెక్క తప్పినవాణ్ణి కోర్టు గడియారం అనడం మామూలు.

ఈ మధ్య వర్లీన్‌కీ అలుపొచ్చింది. మోకాళ్లు సహకరించడంలేదు. సముద్రం ఒడ్డున చెల్లెలింటి వరండాలో కూర్చుని రొయ్యలు ఒలుచుకుంటూ బతకాలని తీర్మానించింది. నెలాఖరుకు లైను తీసేయమని ఫోన్ కంపెనీకి చెప్పేసింది కూడా.

సరిగ్గా అప్పుడే జడ్జిగారి మొదటి ఫోన్ వచ్చింది.

"నేను జడ్జి రఫిన్‌ని. నన్నెవరో నిర్బంధించారు. నేరమేమిటో చెప్పడంలేదు" అన్నాడు. వర్లీన్ ఎవడో తాగుబోతు ఆట పట్టిస్తున్నాడనుకుని, ఏ నేరం కావాలో మీరే ఎంచుకోండి అనబోయింది. వెనకాల తోపుడుబండ్ల చక్రాల చప్పుడు, డబ్బాల్లో పీచ్ పళ్లు ఒకటి కొంటే ఒకటి ఉచితమని ఆడగొంతు వినబడ్డాయి. గొంతు చూస్తే అచ్చంగా ఆయనదే. వర్లీన్ డూయీని తీసుకుని కిరాణా దుకాణానికి పరుగెత్తింది. జడ్జిగారు పచ్చళ్ల వరసలో నిలబడి ఉన్నాడు. బో టై ఉంది, కాళ్లకు ఇంటి చెప్పులు. ఎటు వెళ్లాలో తెలియక అక్కడే నిలబడిపోయాడని, దారి తెలియకపోవడాన్ని ఎవరో నిర్బంధించడం అనుకుంటున్నాడని ఆమెకు అర్థమయ్యేసరికి నిమిషం పట్టింది. జామీను ఎంత కట్టారని అడిగాడు. సొంత పూచీ మీదే వదిలారండీ అంది. "అదీ పద్ధతి" అని కారెక్కాడు.

ఆయన కూతురు జోనెల్ ఇంట్లో ఉంటున్నాడు. జోనెల్ ఊళ్లోనే పళ్ల డాక్టరు దగ్గర పని చేస్తుంది. ఆమె చేతులు ఇంకొకరి నోట్లో ఉండే వేళ చూసి తండ్రి గడప దాటుతాడు. జేబులో ఫోనైతే ఉంది, నొక్కితే కూతురికి వెళ్లే బొత్తాం కూడా ఉంది. కానీ ఫోనంటే అంకెలు తిప్పడమే ఆయనకు. అంకెలంటే ఇప్పుడాయన బుర్రలో మిగిలినవి ఏడే. కూతురి నంబరు పోయింది, ఇంటి నంబరు పోయింది, చట్టాలన్నీ ఒక్కొక్కటే సర్దుకుని వెళ్లిపోయాయి. జలుబు గొంతు పాట మాత్రం బైఠాయించింది.

ఆ సంగతి తెలిసిన రోజు వర్లీన్‌కి ఏం చేయాలో తోచలేదు. నవ్విన నాపచేనే పండిందని గెంతులెయ్యాల్సిన రోజు అది. దాచుకున్న జవాబు నాలుక కొసకు వచ్చింది కూడా. కానీ ఎదురుగా ఇంటి చెప్పులతో ఉన్న మనిషిని చూస్తే నోరు రాలేదు. వర్లీన్‌కి తన మీద తనకే కోపం వచ్చింది. ఇన్నాళ్లు పదునుపెట్టింది ఇందుకా అనిపించింది.

రెండోసారి మంగలికొట్టు కుర్చీలోంచి చేశాడు. తనకు ఉరి వేయడానికి మెడకు గుడ్డ కడుతున్నారని ఫిర్యాదు. మూడోసారి చేసినప్పుడు మాటలకన్నా దుంగల లారీల హోరే ఎక్కువ వినిపించింది. హైవే అంచున నడుస్తున్నాడు. ఆ పూట డూయీ వ్యానును తోలినట్టు జన్మలో తోలలేదు.

ఆ సాయంత్రం జోనెల్ కొట్టుకు వచ్చి ఏడ్చింది. మాంట్‌గమరీలో మతిమరుపువాళ్లని చూసుకునే ఇల్లొకటుందట. మంచిదేనట, తలుపులకు అంకెల తాళాలుంటాయట, అంకెలు తెలిస్తేనే తెరుచుకుంటాయట.

"నేనేం రాక్షసిని కాదు, మిస్ వర్లీన్. కానీ రేపు లారీ కింద పడితే ఏం చెయ్యను? ఇంకొక్కసారి ఇల్లు దాటితే అక్కడ చేర్పించేస్తాను. ఒట్టు."

వర్లీన్ కాదనలేకపోయింది. కాదనడానికి ఆమె ఎవరు? కందకు లేని దురద కత్తిపీటకెందుకని తనకు తానే చెప్పుకుంది. పైగా వచ్చే శుక్రవారం లైను తీసేస్తారు. ఆ తరవాత ఆయన ఎక్కణ్ణించి చేసినా మోగేదేమీ ఉండదు. ఆ సంగతి జోనెల్‌కి చెప్పలేదు. చెప్పనందుకు రెండు రోజులు అన్నం సహించలేదు.

గురువారం పొద్దున ముందు జోనెల్ ఫోన్ వచ్చింది. నాన్న మళ్లీ కనబడటంలేదు, షెరీఫ్ పోలీసులకు చెప్పాను, మాంట్‌గమరీ వాళ్లకూ చెప్పేశాను, రేపు మంచం సిద్ధంగా ఉంటుందట. గొంతులో ఏడుపు కూడా లేదు. నీకేమైనా ఫోన్ వస్తే చెప్పు అని పెట్టేసింది.

వర్లీన్ ఫోన్ ముందు కూర్చుంది. ఆ గంటలో వచ్చినవన్నీ పనికిరాని ఫోన్లే. ఒకడు తన పక్కసెల్లువాడి గురక మీద కేసు పెట్టవచ్చా అని అడిగాడు. ఒకామె మొగుడి జామీను నుంచి తన సంతకం తీసేయమంది, మాట్లాడుతుండగానే అతను పూలు పంపాడట, ఉంచేయమంది. వర్లీన్ వాళ్లకు సమాధానం చెబుతూ లైను ఖాళీ చేయించడానికి తంటాలు పడింది. చివరికి మోగింది.

"మిసెస్ టెడ్డర్, నేను లోపలున్నాను. తలుపు రావడంలేదు."

ఎక్కడున్నారంటే లోపల అన్నాడు. ఏం కనబడుతోందంటే దుమ్ము అన్నాడు. ఎలా వెళ్లారంటే నా తాళంచెవితోనే అన్నాడు. వర్లీన్ కళ్లు మూసుకుని వింది. లారీలు లేవు, తోపుడుబండ్లు లేవు. పావురాలు కువకువలాడుతున్నాయి. ఆపైన గంటలు మొదలయ్యాయి. పది కొట్టి ఊరుకున్నాయి. కాసేపాగి, మరిచిపోయి గుర్తొచ్చినట్టు, ఇంకొకటి. వర్లీన్‌కి అది ఫోన్లోంచి ఒక చెవికీ, కిటికీలోంచి రెండో చెవికీ ఒకేసారి వినబడింది.

"అక్కడే కూర్చోండి జడ్జిగారూ. రోడ్డు దాటి వస్తున్నాను" అంది.

జోనెల్‌కి చెప్పమని డూయీకి పురమాయించి, మోకాళ్లను తిట్టుకుంటూ, రంగులవాళ్లు తెరిచి ఉంచిన వెనక తలుపులోంచి పాత కోర్టు మెట్లెక్కింది. జడ్జిగారు లోపలికి వచ్చింది పక్కతలుపు తీసుకుని. అది ఆయన వెనకాల మూసుకుపోయి బిగుసుకుంది. పెద్ద హాలులో బెంచీలన్నీ గుడ్డలు కప్పి ఉన్నాయి. ఆయన మాత్రం తన ఎత్తు కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. ఈసారి బూట్లు వేసుకున్నాడు, రెండూ ఎడమకాలివే.

ఆలస్యమైంది మిసెస్ టెడ్డర్ అన్నాడు. మెట్లండీ అంది. ఎవరి కేసని అడిగాడు. వర్లీన్ నోరు తెరిచేలోగా జోనెల్ వచ్చింది. పళ్ల డాక్టరు దగ్గర వేసుకునే నీలి గౌనుతోనే పరుగెత్తుకొచ్చింది. ఇక చాలు నాన్నా, రేపు వెళ్తున్నాం అంది. ఆయన ఆమెను ఆపాదమస్తకం చూసి, ప్రభుత్వం తరఫువాళ్లు కూర్చోవాలి అన్నాడు. కూతుర్ని పోల్చుకోలేదు. జోనెల్ గుడ్డ కప్పిన బెంచీ మీద కూలబడింది.

వర్లీన్‌కి ఏం పూనిందో, వెళ్లి ఎప్పుడూ నిలబడే చోట నిలబడింది.

"థర్మన్ రఫిన్ అనే ఆయన కేసండీ. జామీను అడుగుతున్నాను."

తన కేసు తానే విచారించకూడదని చట్టం. ఆ చట్టం కూడా ఆయన బుర్రలోంచి ఎప్పుడో వెళ్లిపోయింది. నేరమేమిటని అడిగాడు. చెప్పకుండా ఇల్లు దాటి వెళ్లడమని వర్లీన్ చెప్పింది. ఎన్నోసారి అని ప్రభుత్వాన్ని అడిగాడు. జోనెల్ అటూ ఇటూ చూసింది, వేరే ప్రభుత్వం ఎవరూ లేరు. నాలుగోసారి, ఒకసారి హైవే మీద దొరికాడు, లారీల మధ్య అని చెప్పింది.

"పారిపోయే మనిషి. అలాంటివాణ్ణి తాళం వేసి ఉంచడమే అతనికీ మంచిది, ఊరికీ మంచిది" అన్నాడు జడ్జిగారు.

ఈ గొంతుతో ఈ మాట వర్లీన్ ఎన్నిసార్లు విన్నదో. మనిషి చెడినా ఆ ఒక్క అలవాటు చెడలేదు. పక్కన జోనెల్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. తను తీర్మానించిందే ఆయన అన్నాడు, కానీ ఆయన నోట వినేసరికి ఆ పిల్ల తట్టుకోలేకపోయింది.

"పారిపోయే మనిషి కాదండీ. పారిపోయేవాడు ఫోన్ చేయడు. ఈయన వెళ్లిన ప్రతిసారీ చేశాడు."

"ఎవరికి?"

"నాకే."

"మీకే ఎందుకు, మిసెస్ టెడ్డర్?"

ఎదురుచూసిన ప్రశ్న అదే. ఇన్నేళ్లు దాచిన జవాబుకు ఇంతకన్నా మంచి గుమ్మం దొరకదు. వర్లీన్ తలెత్తి చూసింది. ఆయన నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నాడు. కుడిచేతి వేళ్లు మాత్రం ఆయనకు తెలియకుండానే బల్ల మీద తాళం వేస్తున్నాయి. మూడు దెబ్బలు ఒక జట్టు, కాస్త ఆగి రెండు, మళ్లీ రెండు. అది హార్మన్ బాంజో మీద వేసిన తాళం. ఇంత చక్కగా ఆ తాళం వేసినవాళ్లని హార్మన్ పోయాక ఆమె చూడలేదు. దాచుకున్న మాటను అక్కడే మింగేసింది.

"ఏమోనండీ. మంచివాడు, ఏదో ఒకటి పట్టుకుంటే వదలడు" అంది.

వేళ్లు ఆగాయి. ఆ మనిషికి ఇంట్లో ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. జోనెల్ లేచి, కూతురుందండీ అంది.

"ఆవిడ పూచీ ఉంటుందా?"

జోనెల్ వర్లీన్ వైపు చూసింది. పొద్దున జోనెల్ పనికి వెళ్లేముందు వ్యాను పంపిస్తానని, సాయంత్రం దాకా తన కొట్లో ఎదురుగా కూర్చోబెట్టుకుంటానని, మనిషిని కనిపెట్టుకుని ఉండటం తప్ప తనకూ డూయీకీ వేరే విద్య రాదని వర్లీన్ గొంతు తగ్గించి చెప్పింది. లైను తీసేస్తారన్న సంగతి కూడా అప్పుడే చెప్పి, తీయనివ్వనంది. జోనెల్ ముక్కు తుడుచుకుంది. మాంట్‌గమరీ మంచం ఎక్కడికీ పోదు, ఒక నెల చూద్దాం అని వర్లీన్‌తో అని, పైకి మాత్రం ఉంటానండీ అంది.

జడ్జిగారు తీర్పు చెప్పాడు. సోమవారమొక్కటే చాలదట. మనిషి నమ్మదగ్గవాడు కాదు గనక రోజూ పొద్దున ఫోన్ చేయాలి, ఒక్కరోజు తప్పినా లోపల. ఇంత గట్టి షరతు ఆయన ఏ దొంగకీ పెట్టలేదు. మెట్లు దిగుతుంటే ఆయన కూతురి మోచెయ్యి పట్టుకుని, ఆ రఫిన్ అనే ఆయన అదృష్టవంతుడని రహస్యంగా చెప్పాడు.

ఆ మధ్యాహ్నం వర్లీన్ ఫోన్ కంపెనీకి చేసి, లైను ఉంచేయమంది. రాసుకున్నాక మార్చడం కుదరదని అవతలి అమ్మాయి సణిగింది. నంబరు అడిగింది. వర్లీన్ ఐదు ఐదు ఐదు అనేసరికి ఆ అమ్మాయి మిగతాది రాగంతో సహా పూర్తిచేసి, అయ్యో మీరా, లోపలున్నప్పుడు మా అన్నయ్య మీకే చేసేవాడు, ఉంచేస్తాను లెండి అంది. ఏ అన్నయ్యని వర్లీన్ అడగలేదు, ఆ ఊళ్లో ఎవరో ఒక అన్నయ్య లోపల ఉండకుండా ఉండడు. చెల్లెలికి రొయ్యలు తనే ఒలుచుకోమని కబురు పంపింది.

మర్నాడు పొద్దున వర్లీన్ ముందుగానే వచ్చి కూర్చుంది. డూయీ వ్యాను తాళాలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. మామూలు ఫోన్లు వస్తూనే ఉన్నాయి. జైల్లోంచి ఒకడు తన కుక్కకు తను లేనని మెల్లగా చెప్పమన్నాడు. వర్లీన్ సరే, సరే అని పెట్టేసింది. చెప్పిన వేళ దగ్గరపడింది. జోనెల్ అందించకూడదని, ఆయనే చేయాలని ఒప్పందం. ఒకవేళ రాత్రికి రాత్రే ఆ ఏడంకెలూ కూడా వెళ్లిపోయుంటే? వర్లీన్ అరచేతులు గౌనుకు తుడుచుకుంది. కోర్టు గడియారం కొట్టడం మొదలుపెట్టింది. కొట్టి ఊరుకుంది. ఫోన్ మోగలేదు. కాసేపాగి గడియారం ఇంకొకటి కొట్టింది. అప్పుడు మోగింది.

అందరినీ అడిగినట్టే, పేరు చెప్పండి అంది.

అవతల జోనెల్ ఊపిరి బిగబట్టిన చప్పుడు వినబడుతోంది. పేరు, పేరు అని ఆయన గొణుక్కున్నాడు. ఇప్పుడే ఇక్కడే ఉంది అన్నాడు.

"తొందరేం లేదండీ" అంది వర్లీన్.

"మిసెస్ టెడ్డర్," అన్నాడు చివరికి, "నేను పారిపోలేదు."

"తెలుసండీ. రాసుకుంటున్నాను."

రాసుకోవడానికి ఏమీ లేదు. కళ్లు తుడుచుకుని, వ్యాను తియ్యమని డూయీకి సైగ చేసింది.